విశాఖ తీరంలో వెన్నెముక లేని జీవులు: తరచుగా అడిగే ప్రశ్నలు

తెన్నేటి పార్కు కింద రాళ్ల మీద, రుషికొండ ఇసుకలో, ఫిషింగ్ హార్బర్‌లో పిల్లల్ని తిప్పుతుంటాను. అప్పుడు వాళ్లూ, వాళ్ల అమ్మానాన్నలూ, ఊరికే పక్కన నిలబడి వినేవాళ్లూ అడిగిన ప్రశ్నలివి. ఇంటర్ ఫస్టియర్‌లో అకశేరుక వర్గాల పాఠం బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్న కుర్రాడే రాయి మీద బార్నకిల్‌ని చూసి "సార్, ఇది నత్తేనా?" అంటాడు. తప్పు వాడిది కాదు. పైరూపం చూసి పోల్చుకోబోతే సముద్రజీవులు ఎవరినైనా బోల్తా కొట్టిస్తాయి. లోపలి అమరిక చూడాలి, కుదిరితే పిల్లరూపం చూడాలి. అసలు చుట్టరికం అక్కడ తెలుస్తుంది.

అకశేరుకాలన్నీ ఒకే జాతికి చెందినవా?

కాదు. వెన్నెముక లేదన్న ఒక్క విషయం తప్ప వాటన్నిటికీ ఉమ్మడిగా ఏమీ లేదు. జెల్లీఫిష్‌కీ పీతకీ ఉన్న దూరం పీతకీ మనకీ ఉన్న దూరం కంటే ఎక్కువే. లిన్నేయస్ 1758లో వర్గీకరణ చేసినప్పుడు నత్తలు, నక్షత్ర చేపలు, జెల్లీఫిష్‌లు అన్నిటినీ "పురుగులు" అనే ఒకే గంపలో పడేశాడు. పీతల్ని, రొయ్యల్ని కీటకాల్లో కలిపాడు. లామార్క్ 1801లో వెన్నెముక లేని జంతువుల మీద విడిగా పుస్తకం వేసి ఆ గంపను విప్పడం మొదలెట్టాడు. ఆ విప్పడం ఇవాళ్టికీ పూర్తి కాలేదు.

మొత్తం ఎన్ని వర్గాలు? అన్నీ గుర్తుపెట్టుకోవాలా?

జంతువుల్లో దాదాపు 35 వర్గాలున్నాయి. వెన్నెముక ఉన్నవన్నీ కలిపినా ఒకే ఒక్క వర్గంలో, అంటే కార్డేటాలో, ఒక భాగం మాత్రమే. మిగతాదంతా అకశేరుకాల రాజ్యమే. మన తీరం వరకు ఏడు తెలిస్తే పని నడుస్తుంది: స్పంజికల పొరిఫెరా, జెల్లీఫిష్‌లూ పగడాలూ ఉండే నిడేరియా, పురుగుల అనెలిడా, కీళ్ల కాళ్ల ఆర్థ్రోపొడా, మెత్తని ఒంటి మొలస్కా, ముళ్ల చర్మపు ఎకైనోడర్మేటా, ఇంకా కార్డేటాలోనే ఉండి వెన్నెముక లేని ట్యూనికేట్లు.

వర్గీకరణలో మెట్లు ఎలా ఉంటాయో టైగర్ రొయ్యతో చూడండి. జంతు రాజ్యం, ఆర్థ్రోపొడా వర్గం, మలకోస్ట్రాకా విభాగం, డెకాపొడా క్రమం, పీనేయిడే కుటుంబం, పీనియస్ ప్రజాతి, పీనియస్ మోనోడాన్ జాతి. వనామి రొయ్య దగ్గరకొచ్చేసరికి గొడవ మొదలవుతుంది. 1997లో పీనియస్‌ని ముక్కలు చేసి వనామిని లిటోపీనియస్ అన్నారు. ఆ తర్వాత జన్యు ఆధారాలు చూసి మళ్లీ పీనియస్‌లోనే కలపాలన్న వాదన బలపడింది. అందుకే రెండు పేర్లూ పుస్తకాల్లో కనిపిస్తాయి. పిల్లలు "ఏది రైటు సార్?" అని టెన్షన్ పడతారు. పరీక్షలో మీ పుస్తకంలో ఉన్నది రాయండి. రొయ్య మాత్రం ఒకటే.

బీచ్‌లో ఏదో దొరికింది. ఏ వర్గమో ఎలా పట్టుకోవాలి?

ముందు సౌష్ఠవం చూడండి. ఎటు నుంచి కోసినా సమానంగా వస్తుందంటే వలయ సౌష్ఠవం: జెల్లీఫిష్ కావచ్చు, సముద్ర పుష్పం కావచ్చు. అయిదు భాగాలుగా ఉంటే ఎకైనోడర్మ్. కుడి ఎడమలు ఒకేలా ఉంటే ద్విపార్శ్వ సౌష్ఠవం. అప్పుడు కాళ్లు చూడండి. కీళ్లున్నాయంటే ఆర్థ్రోపొడా, సందేహం లేదు. ఒళ్లంతా ఉంగరాలు, ప్రతి ఉంగరానికీ రెండు పక్కలా చిన్న కండ తెడ్లూ వెంట్రుకలూ ఉంటే అనెలిడా. ఉంగరాలు లేకుండా ఒక్క కండ పాదం, పైన పెంకు ఉంటే మొలస్కా.

ఇది మొదటి అంచనా మాత్రమే. ఈ లెక్కకు లొంగని జీవులు కింద చాలా వస్తాయి.

స్పంజి నిజంగా జంతువేనా? కదలదు, నోరు లేదు కదా?

జంతువే. ఒంటినిండా సన్నటి రంధ్రాలుంటాయి. నీళ్లు వాటిలోంచి లోపలికి పోయి, పైనున్న పెద్ద రంధ్రం గుండా బయటికి వస్తాయి. ఈ ప్రవాహాన్ని నడిపేవి లోపలి గోడల మీది కాలర్ కణాలు. ఒక్కో కణానికి ఒక కొరడా, దాని చుట్టూ సన్నని జల్లెడ. నీటిలోని బ్యాక్టీరియాని పట్టి తినేదీ ఇవే. గుండె లేదు, నరాలు లేవు, కడుపు లేదు. ఒంటికి బలం ఇచ్చేవి సున్నంతోనో సిలికాతోనో చేసిన సూదులు, కొన్నిటిలో స్పంజిన్ అనే పీచు. ఏ సూది ఏ ఆకారంలో ఉందో మైక్రోస్కోప్ కింద చూస్తే తప్ప జాతి తేల్చలేం. రంగు చూసి పేరు పెట్టేవాళ్లని నమ్మకండి.

జెల్లీఫిష్ లోపల ఏముంటుంది?

దాదాపు 95 శాతం నీళ్లే. బయట ఒక పొర, లోపల ఒక పొర, మధ్యలో జెల్లీ. గొడుగు కింద మధ్యలో నోరు. తిన్నదాంట్లో మిగిలింది కూడా అక్కడి నుంచే బయటికి రావాలి, వేరే దారి లేదు. మెదడు లేదు గానీ నరాల వల ఉంది. గొడుగు అంచున వెలుతుర్నీ, పైకిందుల్నీ పసిగట్టే చిన్న అవయవాలుంటాయి.

ఈ వర్గానికి అసలు గుర్తు దంశకణం. కణం లోపల ఒక సంచి, అందులో చుట్టచుట్టిన దారం, బయట ఒక మీట. మీట తగిలితే దారం తిరగబడి బయటికి దూసుకొచ్చి గుచ్చుకుంటుంది. ఇది జెల్లీఫిష్ ఇచ్చే ఆజ్ఞతో జరిగేది కాదు. అందుకే ఒడ్డున చచ్చి పడున్న జెల్లీఫిష్ కూడా కుడుతుంది. తెగిపోయిన తీగ కూడా కుడుతుంది.

నిడేరియాలో రెండు రూపాలుంటాయి. అతుక్కుని పైకి నోరు తెరిచి ఉండేది పాలిప్, ఈదుతూ కిందికి నోరు ఉండేది మెడూసా. జెల్లీఫిష్ జీవితంలో చాలావాటికి రెండూ ఉంటాయి. సముద్ర పుష్పాలకీ పగడాలకీ మెడూసా దశే లేదు.

జెల్లీఫిష్ కుడితే ఏం చేయాలి?

నీళ్లలోంచి బయటికి రండి. సముద్రపు నీళ్లతోనే కడగండి. మంచినీళ్లు పోయకండి, ఇంకా పేలని దంశకణాలు పేలిపోతాయి. ఇసుకతో రుద్దకండి, టవల్‌తో తుడవకండి. అంటుకున్న తీగల్ని పట్టకారుతో తీయండి. తర్వాత చర్మం కాలకుండా తట్టుకోగలిగినంత వేడి నీళ్లలో 20 నిమిషాల పాటు ఉంచితే నొప్పి తగ్గుతుంది. మూత్రం పోయాలని ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు, వినకండి. ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ముఖం వాచినా ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్లండి.

కొన్ని రోజులు ఒడ్డంతా నీలం బిళ్లలు కొట్టుకొస్తాయి. అవీ జెల్లీఫిష్‌లేనా?

వర్గం అదే, విభాగం వేరు. రూపాయి బిళ్లంత తెల్లని చక్రం, చుట్టూ నీలం కుచ్చులు ఉండేది పోర్పిటా. చక్రంలో గాలి గదులుంటాయి కాబట్టి నీటి మీద తేలుతుంది, గాలి ఎటు తోస్తే అటు వస్తుంది. దీని కాటు చిన్నపాటి దురదతో పోతుంది. నీలం గాలి బుడగ, కింద పొడవాటి తీగలు ఉంటే మాత్రం అది ఫైసేలియా. దాని జోలికి వెళ్లకండి. పైగా అది ఒక జంతువు కాదు. తేలడానికి ఒకటి, తినడానికి ఒకటి, కుట్టడానికి ఒకటి, పిల్లల్ని కనడానికి ఒకటిగా పని పంచుకున్న బోలెడు జీవుల కాలనీ.

రాళ్ల మీద కాళ్లు గీరుకుపోయే తెల్లటి గరుకు గుల్లలు నత్తలేనా?

ఈ ఒక్క ప్రశ్నకి తీరిగ్గా జవాబు చెప్పడం నాకు ఇష్టం. అవి బార్నకిల్స్. చిన్న అగ్నిపర్వతం ఆకారంలో సున్నపు పలకల కోట, పైన రెండు జతల తలుపులు. కదలదు, పెంకుంది కాబట్టి చూసినవాళ్లెవరైనా మొలస్కా అంటారు. ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త క్యూవియే అంతటివాడు కూడా అలాగే అన్నాడు.

1830లో జాన్ వాన్ థాంప్సన్ దీని పిల్లల్ని గమనించాడు. గుడ్డులోంచి వచ్చేది ఈదే నాప్లియస్: ఒక్క కన్ను, కాళ్లలాంటి ఉపాంగాలు మూడు జతలు. భీమిలి వైపు రొయ్యల హేచరీల్లో పనిచేసేవాళ్లకి ఈ మాట కొత్త కాదు. నాప్లీలు, తర్వాత జోయియా, మైసిస్, ఆ తర్వాత పీఎల్ (పోస్ట్ లార్వా) అని రోజూ లెక్కేసుకునేది ఇదే. అంటే బార్నకిల్ చుట్టం రొయ్య. నత్త కాదు.

నాప్లియస్ పెరిగి సైప్రిస్ అనే రూపం తీసుకుంటుంది. ఇది తిండి తినదు. దీని పనల్లా చోటు వెతుక్కోవడమే. స్పర్శశృంగాల (మీసాల) మీద రాయంతా నడిచి చూసుకుంటుంది, ముందే బార్నకిల్స్ ఉన్నచోటు దొరికితే మరీ ఇష్టం. నచ్చాక తలని రాయికి జిగురుతో అతికించుకుంటుంది. ఇక జీవితాంతం అంతే. చుట్టూ పలకలు కట్టుకుని, తలకిందులుగా పడుకుని, ఆరు జతల ఈకల్లాంటి కాళ్లని తలుపుల్లోంచి బయటికి ఆడిస్తూ నీళ్లలోని తిండిని లాక్కుంటుంది. నీళ్లు నిలిచిన రాతి గుంటలో ముఖం దగ్గరగా పెట్టి ఓపిగ్గా కాసేపు చూడండి. కాళ్లు విప్పుకుని, ముడుచుకుని, మళ్లీ విప్పుకోవడం మామూలు కంటికే కనిపిస్తుంది. మీ నీడ పడిందో, తలుపులు టక్కున మూసేస్తుంది.

డార్విన్ 1846 నుంచి 1854 దాకా ఎనిమిదేళ్లు వీటి మీదే కూర్చున్నాడు. ఓడల అడుగున ఇవి పేరుకుంటే నీటి రాపిడి పెరిగి ఇంధనం ఎక్కువ తాగుతుంది. కాబట్టి పోర్టూ, నౌకాదళమూ ఉన్న మన ఊళ్లో బార్నకిల్‌ని పట్టించుకునేది జువాలజీ వాళ్లు మాత్రమే కాదు.

రొయ్య వలిచేటప్పుడు కనిపించే నల్ల నరం నిజంగా నరమేనా?

నరం కాదు, పేగు. వంటింట్లో కత్తిపీట పక్కనే ఓ రొయ్యని పూర్తిగా చూసేయొచ్చు. పాఠ్యపుస్తకం బొమ్మ కంటే నయం.

ముందు తల అనుకునే భాగం. అది తలా, ఛాతీ కలిసిపోయిన శిరోవక్షం, పైన ఒకే డిప్ప. ముందుకు పొడుచుకొచ్చిన పళ్ల ముల్లుని రోస్ట్రమ్ అంటారు. కళ్లు కాడల మీద ఉంటాయి. రెండు జతల స్పర్శశృంగాలు, అందులో ఒక జత ఒంటికంటే పొడవు. నోటి చుట్టూ నమిలే, పట్టే ఉపాంగాలు. కింద నడిచే కాళ్లు అయిదు జతలు. డెకాపొడా అన్నది ఈ పది కాళ్లని బట్టే. టైగర్, వనామి లాంటి వాటిలో మొదటి మూడు జతలకీ చివర చిన్న చిమటాలుంటాయి. డిప్ప పక్క అంచుని గోటితో ఎత్తితే మొప్పలు కనిపిస్తాయి. డిప్ప మొత్తం తీస్తే మెత్తటి గోధుమరంగు ముద్ద: హెపటోపాంక్రియాస్. జీర్ణరసాలు తయారయ్యేదీ, కొవ్వు దాచుకునేదీ అక్కడే. తలకాయల పులుసుకి రుచి వచ్చేది దీనివల్లే. దాని వెనక, వీపు వైపు గుండె.

ఇక వెనక భాగంలో ఆరు ఖండాలు. మొదటి అయిదింటి కింద ఈదే తెడ్లు, చివర తోక విసనకర్ర. మనం తినేది ఈ ఖండాల్లోని కండ. ప్రమాదం వస్తే రొయ్య తోకని ఒక్కసారిగా లోపలికి ముడిచి వెనక్కి దూకుతుంది, అంత కండ అందుకే. వీపు మీద పొడవునా పోయేది పేగు, లోపలి మట్టీ తిండీ వల్ల నల్లగా ఉంటుంది. అసలు నరం కావాలంటే పొట్టవైపు చూడండి, సన్నని తెల్లని దారం కనిపిస్తుంది. మనకి వెన్నుపాము వీపున, వీటికి నాడీదండం పొట్టన. ఆర్థ్రోపొడాకీ మనకీ ఉన్న పెద్ద తేడా ఇది.

రక్తం ఎర్రగా ఎందుకు లేదంటారా? ఆక్సిజన్ మోసేది ఇనుము ఉన్న హీమోగ్లోబిన్ కాదు, రాగి ఉన్న హీమోసయనిన్. ఉడికితే ఎర్రబడటం వేరే సంగతి. అస్టాజాంథిన్ అనే ఎర్ర రంగు పచ్చి రొయ్యలో ప్రొటీన్‌తో ముడిపడి బూడిదగా, నీలంగా కనిపిస్తుంది. వేడికి ప్రొటీన్ విడిపోతే రంగు బయటపడుతుంది.

ఆడపీత, మగపీత ఎలా పోల్చుకోవాలి?

వెల్లకిలా తిప్పండి. పొట్ట కింద మడత పెట్టుకున్న మూత ఉంటుంది, అదే దాని తోక. సన్నగా కోసుగా ఉంటే మగది, వెడల్పుగా గుండ్రంగా ఉంటే ఆడది. ఆ వెడల్పు గుడ్లు మోయడానికి. గుడ్లు మొదట నారింజ రంగులో ఉంటాయి, లోపల పిల్లల కళ్లు ఏర్పడేకొద్దీ ముదురు రంగుకి తిరుగుతాయి. హార్బర్‌లో అమ్మే అక్కలు ఇదంతా తిప్పకుండానే చెబుతారు, డిప్ప వెడల్పూ బరువూ చాలు వాళ్లకి. నాదొక విన్నపం: బయటికి గుడ్లతో ఉన్న పీతని కొనకపోతే మంచిది.

పీత లోపలి బూడిదరంగు వేళ్లలాంటివి మొప్పలు. విషం కాదు గానీ రుచీ ఉండదు, మురికి పేరుకుంటుంది, తీసేయండి.

తడి ఇసుక మీద సన్నటి ఉండల ముగ్గు ఎవరు వేస్తారు?

బఠాణీ గింజంత పీతలు. ఇసుకని నోట్లో పెట్టుకుని, రేణువులకి అంటుకున్న ఆహారాన్ని గీరుకుని, మిగిలిన ఇసుకని ఉండ చేసి పక్కన పెడతాయి. అల వచ్చి చెరిపేస్తుంది, ఆటు రాగానే మళ్లీ మొదలు. అల వెనక్కి పోయేటప్పుడు ఇసుకలోకి గబగబా తోక ముందుగా దూరిపోయే గుడ్డు ఆకారపు జీవి మాత్రం ఎమెరిటా. దానికి చిమటాలుండవు. వెనక్కి పోయే అలలో ఈకల్లాంటి స్పర్శశృంగాలు చాచి తిండి జల్లెడ పట్టుకుంటుంది.

గవ్వ, శంఖం, ఆల్చిప్ప, స్క్విడ్ అన్నీ ఒకే వర్గం అంటారేంటి?

అవును, అన్నీ మొలస్కాలే. ఒంటిని కప్పి ఉండే ప్రావారం, కండ పాదం, లోపలి అవయవాల మూట: ఈ మూడింటినీ ఒక్కొక్కరు ఒక్కో రకంగా మార్చుకున్నారు. నత్తల్లో పాదం పాకడానికి. ఆల్చిప్పల్లో అది గొడ్డలిలా ఇసుకని తవ్వడానికి. స్క్విడ్, ఆక్టోపస్‌లలో చేతులుగా, నీళ్లు చిమ్మే గొట్టంగా మారింది. పెంకుని తయారుచేసేది ప్రావారం. నోట్లో రాడ్యులా అనే పళ్ల పట్టీ ఉంటుంది, ఆకురాయిలా గీరుతుంది. ఆల్చిప్పలకి అది లేదు, అవి మొప్పలతోనే నీళ్లు వడగట్టుకుని తింటాయి.

నత్త పిల్లదశలో లోపలి అవయవాల మూట 180 డిగ్రీలు తిరిగిపోతుంది. దాంతో మలద్వారం తల మీదికి వస్తుంది. ఎందుకలా అన్నదానికి సిద్ధాంతాలు బోలెడున్నాయి, ఏదీ అందరినీ ఒప్పించలేదు.

అష్టాచెమ్మా ఆడే గవ్వలకి ఆ నునుపు ఎక్కడిదని ఒక అమ్మమ్మ అడిగారు. బతికున్నప్పుడు గవ్వ తన ప్రావారాన్ని రెండు పక్కల నుంచీ పెంకు మీదికి కప్పుకుంటుంది. మిగతా నత్తల పెంకులు రాళ్లకీ ఇసుకకీ రాసుకుపోతాయి, గవ్వ పెంకు మీద పూత పడుతూనే ఉంటుంది. ఎవరూ పాలిష్ పెట్టరు.

దక్షిణావర్త శంఖం నిజమైనదో కాదో తెలుస్తుందా?

తెలుస్తుంది. మన పూజ శంఖం టర్బినెల్లా పైరమ్. కోసు పైకి పెట్టి చూస్తే మామూలుగా నోరు కుడివైపు ఉంటుంది. జన్యు తేడా వల్ల ఎప్పుడో అరుదుగా ఒకటి ఎదురు దిక్కున చుట్టుకుంటుంది. పూజలో శంఖాన్ని కోసు కిందికి పెట్టి చూస్తారు కాబట్టి ఆ అరుదైనది దక్షిణావర్తం అవుతుంది. మోసం ఎక్కడంటే, అమెరికా తీరంలో ఒక నత్త జాతి మొత్తం సహజంగానే ఎడమవైపు చుట్టుకుంటుంది. దాన్ని తెచ్చి వేల రూపాయలకి అంటగడతారు. నోట్లోకి వేలు పెట్టి మధ్య స్తంభాన్ని తడిమి చూడండి. మన శంఖానికి అక్కడ మూడు నాలుగు గట్టి మడతలు తగులుతాయి. ఆ అమెరికా నత్తకి స్తంభం నున్నగా ఉంటుంది.

ఒడ్డున దొరికే తెల్లటి తేలికపాటి బిళ్ల, సముద్రపు నురుగు అంటారు, అది ఏమిటి?

గట్టిపడిన నురుగు కాదు. కటిల్‌ఫిష్ లోపలి పెంకు. ఆయుర్వేద దుకాణాల్లోనూ, లవ్‌బర్డ్స్ పంజరాల్లోనూ చూసేది ఇదే. అడ్డంగా విరిచి చూస్తే పొరలు పొరలుగా సన్నని గదులు కనిపిస్తాయి. ఆ గదుల్లో నీళ్లూ గ్యాసూ పాళ్లు మార్చుకుంటూ కటిల్‌ఫిష్ పైకీ కిందికీ సర్దుకుంటుంది. స్క్విడ్‌లో ఇదే పెంకు ప్లాస్టిక్ పుల్లలా పలచబడింది, శుభ్రం చేసేటప్పుడు లాగి పారేస్తారు. ఆక్టోపస్‌లో దాదాపు మాయమైపోయింది.

ఈ మూడింటికీ మూడేసి గుండెలు. రెండు మొప్పలకి రక్తం తోస్తాయి, ఒకటి మిగతా ఒంటికి. ఆక్టోపస్ మెదడు గారె ఆకారంలో ఉంటుంది, చిల్లులోంచి ఆహారనాళం పోతుంది. అందుకే తిండిని నోట్లోని చిలకముక్కులాంటి దవడలతో చిన్న ముక్కలుగా కొరుక్కుని మింగాలి.

చెక్క పడవల్ని తినేసే పురుగు ఏది?

ఓడపురుగు అంటాం గానీ అది ఆల్చిప్పల చుట్టం. టెరిడో, బాంకియా అనేవి ఈ రకం. ఒళ్లు పొడవాటి తెల్లని పురుగు. కానీ ముందు చివర చూస్తే రెండు బుల్లి పెంకులు. వాటినే ఆకురాయిలా ఆడిస్తూ చెక్కని తొలుస్తుంది. వెనక చివర సన్నని గొట్టాలు రెండు సూది బెజ్జమంత రంధ్రంలోంచి బయటికి పెట్టి నీళ్లు పీల్చుకుంటుంది. సొరంగం గోడకి సున్నం పూత వేసుకుంటుంది. చెక్కని అరిగించుకోవడానికి మొప్పల్లో బ్యాక్టీరియాని పెంచుకుంటుంది. పైనుంచి చూస్తే దుంగ బాగానే ఉంటుంది, చేత్తో నొక్కితే పొడి. తెప్పల్ని వేట అయ్యాక ఒడ్డుకి లాగి ఆరబెట్టే అలవాటు వీటికి గొడ్డలిపెట్టే. ఫైబర్ పడవలొచ్చాక కుర్రాళ్లలో చాలామంది దీన్ని చూడనే లేదు.

నక్షత్ర చేప చెయ్యి తెగితే మళ్లీ వస్తుందా?

వస్తుంది, నెమ్మదిగా. మామూలుగా మధ్య బిళ్లలో కొంతైనా మిగిలుండాలి.

ఎకైనోడర్మేటా వర్గంలో సుమారు 7,000 జాతులుంటే అన్నీ ఉప్పునీళ్లలోనే. చెరువులో గానీ నదిలో గానీ ఒక్కటి లేదు. కారణం వాటి జలప్రసరణ వ్యవస్థ: పైనున్న జల్లెడ పలక దగ్గర మొదలై, నోటి చుట్టూ వలయంగా, అక్కడి నుంచి అయిదు కాలువలుగా సముద్రపు నీటికి దగ్గరైన ద్రవం తిరుగుతుంది. ఆ ఒత్తిడితోనే వందల నాళికా పాదాలు సాగుతాయి, ముడుచుకుంటాయి. ఒంట్లోని ఉప్పు పాళ్లని విడిగా కాపాడుకునే ఏర్పాటు వీటికి లేదు, మంచినీళ్లలో వేస్తే చస్తాయి. ఫొటో కోసం మినరల్ వాటర్‌తో కడిగేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

కొన్ని నక్షత్ర చేపలు కడుపుని నోట్లోంచి బయటికి తీసి ఆల్చిప్ప లోపలికి దూర్చి అక్కడే అరిగించుకుంటాయి. మన వలల్లో తరచూ పడే ఆస్ట్రోపెక్టెన్ అలా చేయదు, చిన్న నత్తల్ని గుటుక్కున మింగేస్తుంది. ఇసుకలో దొరికే పువ్వు గుర్తున్న బల్లపరుపు తెల్ల బిళ్లలు కూడా ఈ వర్గమే, శాండ్ డాలర్ అస్థిపంజరాలు. ఆ అయిదు రేకులు నాళికా పాదాలు బయటికి వచ్చే చిల్లుల వరసలు.

పెద్దయ్యాక అయిదు భాగాలుగా ఉన్నా, వీటి పిల్లలకి కుడి ఎడమలున్నాయి. పిండంలో మొదట ఏర్పడే రంధ్రం మలద్వారం అవుతుంది, నోరు తర్వాత వస్తుంది. మనలోనూ అంతే. పీతలోనూ నత్తలోనూ కథ వేరుగా నడుస్తుంది. ఆ లెక్కన తెలివైన ఆక్టోపస్ కంటే మెదడే లేని నక్షత్ర చేప మనకి దగ్గరి చుట్టం.

అకశేరుకాల్లో మనకి అందరికంటే దగ్గరివారెవరు?

జెట్టీ స్తంభాలకి అంటుకుని, తోలుసంచిలా ఉండి, నొక్కితే నీళ్లు చిమ్మే ట్యూనికేట్. దీన్ని చూసి ఎవరూ ఒప్పుకోరు. రెండు రంధ్రాలు, లోపల జల్లెడలాంటి గ్రసని (గొంతు భాగం), బయట సెల్యులోజ్‌తో చేసిన తొడుగు. చాలాకాలం మొలస్కా అనే అనుకున్నారు. 1866లో రష్యా జంతుశాస్త్రవేత్త కొవలేవ్‌స్కీ దీని పిల్లని చూపించాడు: తోకకప్పలా ఈదుతుంది, తోకలో పృష్ఠవంశం అనే కడ్డీ, వీపున నాడీనాళం. ఇవి మన కార్డేటా గుర్తులే. కొన్ని గంటలో, ఒకట్రెండు రోజులో ఈది, తలతో అతుక్కుని, తోకనీ పృష్ఠవంశాన్నీ అరిగించేసుకుంటుంది. ఇంటర్ పిల్లలకి తెలిసిన హెర్డ్‌మానియా ఈ బాపతే.

ఉత్త ఇసుకలో కూడా జీవులుంటాయంటారు, నిజమా?

నిజం. అందులో మన ఊరికి పేరుంది. 1962లో ఆంధ్ర విశ్వవిద్యాలయం జువాలజీ శాఖకి చెందిన పి.ఎన్. గణపతి, జి. చంద్రశేఖరరావు వాల్తేరు తీరంలో ఇసుకరేణువుల సందుల్లో బతికే జీవుల మీద పరిశోధన ప్రచురించారు. ఒక మిల్లీమీటరుకి లోపు జంతువులు. వాటిలో ఎన్ని వర్గాలో! నులిపురుగులు, గ్యాస్ట్రోట్రిక్‌లు, కోపిపాడ్‌లు, టార్డిగ్రేడ్‌లు, బుల్లి అనెలిడ్‌లు. ఒళ్లు సన్నగా పొడుగ్గా ఉంటుంది, రేణువుని పట్టుకోవడానికి జిగురు గ్రంథులుంటాయి. ఇంట్లో చూడాలంటే తడి ఇసుక గుప్పెడు తీసుకుని కొంచెం మంచినీళ్లు పోసి తిప్పండి, పట్టు జారి పైకొస్తాయి. ఆ నీళ్లని వెంటనే సన్నని గుడ్డలో వడగట్టి, గుడ్డ మీద మిగిలినదాన్ని సముద్రపు నీళ్లలోకి విదిలించండి. కాలేజీ మైక్రోస్కోప్ చాలు.

గుర్రపుడెక్క పీత ఇక్కడ దొరుకుతుందా?

దానికి పేరున్న చోటు ఒడిశా, బెంగాల్ తీరం. అది పీత కాదు, సాలెపురుగులకీ తేళ్లకీ దగ్గర. స్పర్శశృంగాలు లేకపోవడమే సాక్ష్యం.

గవ్వలూ అవీ ఏరుకుని ఇంటికి తెచ్చుకోవచ్చా?

ఖాళీ పెంకు ఒకటీ అరా తెచ్చుకుంటే ఎవరూ ఏమీ అనరు, కానీ లోపల సన్యాసి పీత ఉందేమో చూడండి. బతికున్నవి వద్దు. సముద్ర దోసకాయలు, పగడాలు, పెద్ద క్లామ్‌లు, నాటిలస్ లాంటివి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి. సముద్ర దోసకాయల్ని 2001లో మొదటి షెడ్యూల్‌లో చేర్చారు, అంటే పులికి ఉన్నంత రక్షణ. బీచ్ దుకాణంలో పగడం ముక్క కొన్నా చిక్కే.

చూడాలంటే ఎప్పుడు, ఎక్కడికి వెళ్లాలి?

అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులు నీళ్లు బాగా వెనక్కి పోతాయి. మన దగ్గర పోటుకీ పాటుకీ తేడా ఆ రోజుల్లో సుమారు ఒకటిన్నర మీటరు. నీళ్లు పూర్తిగా తగ్గే వేళకి ఓ గంట ముందే చేరుకోండి. రాతి గుంటలకి తెన్నేటి పార్కు, జోడుగుళ్లపాలెం, మంగమారిపేట, యారాడ. ఇసుక జీవులకి రుషికొండ, గోస్తని సముద్రంలో కలిసే భీమిలి. తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తే లోతు నీళ్లవి కూడా వల చెత్తలో కనిపిస్తాయి. పట్టు ఉన్న చెప్పులు వేసుకోండి, పాకుడు రాళ్లు జాలి చూపవు. సముద్రానికి వీపు తిప్పి నిలబడకండి. తిప్పి చూసిన రాయిని మళ్లీ అలాగే పెట్టండి, కింద బతికేవి ఎండకి తట్టుకోలేవు.

ఫొటో తీసి పంపితే పేరు చెప్పగలరా?

చాలాసార్లు ప్రజాతి వరకు చెప్పొచ్చు, ఫొటో సరిగ్గా ఉంటే. పైనుంచి ఒకటి చాలదు. పీతకి పొట్ట కింద, కళ్ల మధ్య అంచు, చిమటాలు కావాలి. నత్తకి నోరు, కోసు రెండూ. నక్షత్ర చేపకి అడుగు భాగం. పక్కన ఒక నాణెం పెట్టండి. ఎక్కడ, ఏ వేళ, రాయి మీదా ఇసుకలోనా అన్నది రాయండి. శంకువు ఆకారంలో సన్నటి చీలిక నోరున్న నత్త అయితే మాత్రం చేత్తో తిప్పకుండా ఉన్నదున్నట్టే తీయండి. కోన్ నత్త రాడ్యులా పన్ను విషపు బాణం, కొన్ని జాతుల కాటు మనిషి ప్రాణం తీయగలదు.